ఒకే పుస్తకానికి రెండు సభలు: బెజవాడలో ఒక పుస్తకాల షాపు అనుభవం

మొదటి సభలో రచయిత్రికి దక్కింది 8 నిమిషాలు. ఈ లెక్కలో నాకు అనుమానం లేదు, ఎందుకంటే 'సమయాభావం, దయచేసి ముగించండి' అని చీటీలు రాసి వేదిక మీదకు అందించింది నేనే. అధ్యక్షులవారు చీటీ చదివి, మడిచి, లాల్చీ జేబులో పెట్టుకున్నారు. ముఖ్య అతిథి చదివి చిన్నగా నవ్వి, 'నిర్వాహకులు తొందరపడుతున్నారు' అని సభకే చెప్పేసి ఇంకో పావుగంట లాగించారు. చీటీకి విలువిచ్చింది ఒక్క రచయిత్రే. రెండేళ్ళు కృష్ణా డెల్టా ఊళ్ళు తిరిగి రాసిన పుస్తకం గురించి 8 నిమిషాలు చెప్పి, దణ్ణం పెట్టి కూర్చుంది.

పుస్తకం కౌలు రైతుల గురించి. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పదలచుకున్నది పుస్తకం సంగతి కాదు, ఆ పుస్తకానికి మేం నాలుగు నెలల తేడాతో పెట్టిన రెండు సభల సంగతి. ఒకటి అందరూ పెట్టే పద్ధతిలో పెట్టాం. రెండోది మొదటిదాని వల్ల వచ్చిన సిగ్గుతో పెట్టాం.

ముందు షాపు గురించి నాలుగు మాటలు. ఏలూరు రోడ్డు దాపున, ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉంటుంది. ఆ రోడ్డుకి కారల్ మార్క్స్ రోడ్డని పేరుంది గానీ ఆటో ఎక్కి ఆ పేరు చెబితే మిమ్మల్ని కొత్తవాళ్ళనుకుంటారు. కాస్త నడిస్తే లెనిన్ సెంటరు, పాత పుస్తకాల కొట్లు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్ 10న పుట్టింది ఈ ఊళ్ళోనే. కాబట్టి పుస్తకాలకు, సభలకు బెజవాడ కొత్త కాదు. మాది ఏ పార్టీ షాపూ కాదు. అన్ని ఎర్రజెండాల వాళ్ళూ, నీలిజెండా వాళ్ళూ, ఏ జెండా లేని ఆడవాళ్ళ సంఘాల వాళ్ళూ, హేతువాదులూ వచ్చి ఒకరినొకరు తిట్టుకుని పుస్తకాలు కొనుక్కుని వెళ్ళే షాపు. నాకు జీతం బిల్లు పుస్తకం రాసినందుకు. సభలూ సమావేశాలూ చూడటం అదనం. పదకొండేళ్ళుగా చూస్తున్నాను.

మొదటి సభ డిసెంబరు మొదటి వారంలో. ఎందుకు డిసెంబరు అంటే, తెలుగు పుస్తకానికి కార్తె అదే. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో, 1989లో మొదలైన మన విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. ఆ రెండింటి స్టాళ్ళలో పుస్తకం ఉండాలంటే నవంబరు ఆఖరుకి ప్రెస్సు నుంచి బయటపడాలి, డిసెంబరులో ఆవిష్కరణ అయిపోవాలి. ఆ వారం ఊళ్ళో మా సభ ఒక్కటే కాదు, ఇంకో నాలుగు ఆవిష్కరణలు ఉన్నాయి. అవే శాలువాలు ఒక సభలో కప్పించుకున్నవాళ్ళే ఇంకో సభలో కప్పుతుంటారు.

హాలు అద్దెకు తీసుకున్నాం. ఫ్లెక్సీ కొట్టించాం. దాని మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆవిష్కర్త, విశిష్ట అతిథి, ఇద్దరు ఆత్మీయ అతిథులు, పుస్తక పరిచయకర్త, ప్రచురణకర్త, చివరి మూలలో రచయిత్రి ఫొటో. వేదిక మీద 9 మంది, ఎదురుగా 40 మందికి కాస్త అటూ ఇటూ. ఆ 40లో సగం వేదిక మీదవాళ్ళ తాలూకు. ఇద్దరు వక్తలు 'పుస్తకం పూర్తిగా చదివే అవకాశం చిక్కలేదు గానీ' అని మొదలుపెట్టారు. మన సభల్లో 'సభకు నమస్కారం' తర్వాత ఎక్కువగా వినబడే మాట అది. వాళ్ళను అనుకోవడానికి లేదు. పుస్తకం వాళ్ళ చేతికి అందింది ముందురోజు సాయంత్రం, అందించింది నేను.

కౌలు రైతులు ముగ్గురొచ్చారు. ఉయ్యూరు అవతల ఒక ఊరి నుంచి, ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దమ్మ. రచయిత్రి వాళ్ళ ఇళ్ళలో అన్నం తిన్న మనిషి కాబట్టి కాదనలేక వచ్చారు. చివరి వరసలో కూర్చున్నారు. వందన సమర్పణలో వాళ్ళను 'మారుమూల పల్లె నుంచి విచ్చేసిన అన్నదాతలు' అన్నాం. ఉయ్యూరు మారుమూల ఏమిటి, బస్సెక్కితే గంట! ఆ మాట రాసిచ్చింది కూడా నేనే, దాచుకోవడం ఎందుకు.

సభ అయ్యాక పుస్తకాల బల్ల దగ్గర పెద్దమ్మ ఒక ప్రతి తీసి అటూ ఇటూ తిప్పింది.

"నాకు చదవను రాదయ్యా. మా మనవడు చదివి వినిపించాడు. ఎకరానికి ఇరవై రెండున్నర క్వింటాళ్ళ కౌలు అని రాసింది అమ్మాయి. ఎవరి సంగతో అనుకున్నా. ముప్పై బస్తాలని రాస్తే నా సంగతేనని తెలిసేది గదా."

మా వైపు వడ్ల బస్తా 75 కిలోలు. ముప్పై బస్తాలంటే ఇరవై రెండున్నర క్వింటాళ్ళే. లెక్క తప్పు కాదు. ప్రభుత్వ లెక్కలతో పోల్చడానికి వీలుగా ఉంటుందని పుస్తకమంతా క్వింటాళ్ళలోకి మార్చమన్నది ప్రచురణ వాళ్ళ సంపాదకుడు. బెజవాడలో, హైదరాబాదులో చదివేవాళ్ళకు అది బాగానే ఉంది. ఎవరి బతుకు గురించి రాశారో ఆ మనిషి మాత్రం తన బతుకును గుర్తుపట్టలేకపోయింది.

వెళ్ళబోతూ ఇంకోమాట అంది. "కోతల్లో పెట్టారేంటయ్యా సభ? మిషను రేపొస్తదంటున్నారు, పొలం కాడ మనిషి లేడు."

డెల్టాలో డిసెంబరు అంటే కోతలు, నూర్పిళ్ళు, ధాన్యం ఎక్కడ తడుస్తుందోనని ఆకాశం వంక చూడటం. కౌలు రైతుల పుస్తకానికి కౌలు రైతులు రాలేని నెల చూసి మరీ ముహూర్తం పెట్టాం. అంతమంది పెద్దల్లో ఒక్కరికీ, పదకొండేళ్ళ అనుభవం ఉందనుకుంటున్న నాకూ ఆ మాట తట్టలేదు.

ఆ రాత్రి షాపులో పెద్దాయన (షాపు ఆయనదే, అందరం అలాగే పిలుస్తాం), రచయిత్రి, నేను కూర్చుని ఖర్చు రాసుకున్నాం. అమ్ముడైనవి 17 ప్రతులు. వాటి మీద మాకొచ్చిన కమీషను 9 శాలువాలకు చాల్లేదు. హాలు అద్దె, ఫ్లెక్సీ, కుర్చీల సప్లయర్సు వాడి బిల్లు అన్నీ పైన. రచయిత్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "అంకుల్, నేను ఆ ఊళ్ళో ఇంకోసారి పెడతాను సభ, మీరు రండి" అంది. పెద్దాయన, "ఊళ్ళో కాదమ్మా, ఇక్కడే పెడదాం. కానీ ఊరు ఇక్కడికి రావాలి" అన్నాడు.

ఆయనకు ఇలాంటి సందర్భాల్లో లండన్ గుర్తొస్తుంది. అక్కడ గేస్ ది వర్డ్ అని 1979లో పెట్టిన చిన్న పుస్తకాల షాపు ఉంది. 1984లో బొగ్గు గని కార్మికుల సమ్మెకు మద్దతుగా స్వలింగ ప్రేమికులు ఒక బృందం కట్టి, ఆ షాపులో కూర్చుని మాట్లాడుకునేవారు, బయట బకెట్లు పట్టుకుని చందాలు పోగుచేసేవారు. గని కార్మికులెక్కడ, వాళ్ళెక్కడ! పుస్తకాల అరల మధ్య ఇరుకు జాగాలో కలిశారు. పెద్దాయన ఈ కథ చెప్పినప్పుడల్లా నేను 'మన షాపు కింద బకెట్ పట్టుకుంటే ట్రాఫిక్ వాళ్ళు ఊరుకోరు' అంటాను. కానీ ఆయన చెప్పేదాంట్లో అసలు విషయం ఉంది. అలాంటి షాపులో మనుషులు పుస్తకం గురించి వినడానికి వచ్చినా, అదే పని మీద వచ్చిన మరొకర్ని చూసి ఆగుతారు. ఢిల్లీలో 2012 మే 1న షాదీపూర్ దగ్గర తెరిచిన మే డే బుక్‌స్టోర్ కూడా ఒక నాటకశాలను ఆనుకునే ఉంటుంది. నాటకానికి వచ్చినవాళ్ళు పుస్తకాలు తిరగేస్తారు, పుస్తకానికి వచ్చినవాళ్ళు నాటకానికి ఆగుతారు. మా హాలు సభలో ఆగే వీలే లేదు. ఎనిమిదింటికి వాచ్‌మన్ లైట్లు ఆర్పేశాడు.

రెండో సభ ఏప్రిల్లో పెట్టాలని తేల్చుకున్నాం. అప్పటికి మినుము కూడా ఇంటికొచ్చి ఉంటుంది, కాలవలు కట్టేసి ఉంటారు, మనిషికి తీరిక. అన్నిటికంటే ముఖ్యం, కౌలు మాటలు నడిచేది వేసవిలోనే. వచ్చే ఏడాది ఎవరి పొలం ఎవరికి, ఎన్ని బస్తాలకు అని బేరాలు అప్పుడే. అంటే పుస్తకంలోని విషయం ఊళ్ళో నోళ్ళలో నానే నెల.

ఈలోగా పుస్తకం ఊళ్ళోకి వెళ్ళాలి. ప్రచురణ వాళ్ళ దగ్గర 20 ప్రతులు అరువుకు తెచ్చి రెండు ఊళ్ళలో ఇచ్చాం. కొనమని కాదు, చదివి వెనక్కివ్వమని. చదవడం రానివాళ్ళకు ఎవరో ఒకరు సాయంత్రం చదివి వినిపించాలని. ఇందులో మేం కనిపెట్టింది ఏమీ లేదు. కృష్ణా కాలవల మీద 1935లోనే పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపారు. కాలవ గట్టున ఊరికి పుస్తకం దానంతటదే వచ్చేది. మేం వెళ్ళింది మోటారు సైకిల్ మీద, సంచీలో.

మొదటి చదువు రామాలయం అరుగు మీద పెట్టాం. ఒక ఊరి కుర్రాడు అక్కడ లైటు, ఫ్యాను ఉన్నాయన్నాడు, సరే అన్నాను. పాతికమంది దాకా కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక చూస్తే రోడ్డవతల కరెంటు స్తంభం కింద ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. ఎస్సీ కాలనీ వాళ్ళు. ఆ ఊళ్ళో కౌలు చేసేవాళ్ళలో సగంమంది ఆ కాలనీ వాళ్ళే. 'రండమ్మా, కూర్చోండి' అని మైకులో పిలిచాను. ఒక్కరూ కదల్లేదు. పిలిచినందుకు అరుగు మీద ఉన్నవాళ్ళలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. అంబేడ్కర్ పుస్తకాలు నెలనెలా తెప్పించే షాపు మాది. అయినా జాగా ఎవరిది అని అడగకుండా జాగా ఖాయం చేశాను. మర్నాటి నుంచి చదువు బడి వరండాలోకి మార్చాం. అరుగు మీద వచ్చినంతమంది రాలేదు, కానీ వచ్చినవాళ్ళందరూ కూర్చున్నారు.

చదువుల్లోనే తెలిసిపోయింది ఏ పేజీ దగ్గర జనం ఆగుతారో. బెజవాడలో అందరూ మెచ్చుకున్నది ఆత్మహత్య చేసుకున్న రైతు భార్య మీద రాసిన అధ్యాయం. ఊళ్ళో అది చదువుతుంటే నిశ్శబ్దంగా విన్నారు, అయ్యాక 'ముందుకు పోనీయండి' అన్నారు. వాళ్ళు ఆగింది కౌలు రైతులకు సర్కారు ఇచ్చే కార్డుల అధ్యాయం దగ్గర. అక్కడ వాక్యం వాక్యానికీ అడ్డం పడ్డారు. ఆ అధ్యాయాన్నే సభకు పెట్టుకున్నాం.

వేళ విషయంలో పెద్ద రగడ జరిగింది. బెజవాడ సభ అంటే సాయంత్రం ఆరు. ఆరంటే పల్లెలో పాలు పితికే వేళ. గేదె ఉన్న ఆడమనిషి ఆరింటికి బెజవాడలో ఉండదు. ఆదివారం పొద్దున పదింటికి పెడితే తెల్లవారి పాలు పోసేసి వచ్చి, సాయంత్రం పాల వేళకు ఇల్లు చేరొచ్చు. ఇది పెద్దమ్మే చెప్పింది. మా షాపు పాత కాపులు మాత్రం గోల పెట్టారు. "ఆదివారం పొద్దున మాంసం తెచ్చుకునే వేళ సభేంటండీ?" అని ఒకాయన నిజంగానే ఫోన్ చేశాడు. మాంసం పొయ్యి మీద పెట్టి రండి అన్నాను. వచ్చాడు కూడా.

షాపులో జాగా ఎక్కువ ఉండదు. మధ్యలో ఉన్న నాలుగు అరల కింద వడ్రంగి చేత చక్రాలు వేయించాం. తోసేస్తే గోడలకు అతుక్కుపోతాయి, నలభై ఐదు మంది కూర్చోవచ్చు. వేదిక లేదు. కుర్చీలు గుండ్రంగా వేశాం, కింద రెండు జంపకానాలు. శాలువాలు లేవు, ఫ్లెక్సీ లేదు, ఆహ్వానంలో ఎవరి పేరూ లేదు, రచయిత్రి పేరు తప్ప. ఒక పెద్దమనిషి 'నన్ను ఏ హోదాలో పిలుస్తున్నారు?' అని అడిగారు. వినే హోదాలో అన్నాను. ఆయన రాలేదు. వరస ఇలా పెట్టుకున్నాం: ముందు ఊళ్ళో చదివినవాళ్ళు, తర్వాత టౌను పాఠకులు, ఆ తర్వాతే రచయిత్రి. ఆమె చెప్పాల్సింది పుస్తకంలో చెప్పేసింది కదా, ఇప్పుడు జవాబు చెబితే చాలని.

మరుగుదొడ్డి సంగతి కూడా రాయాలి, ఎవరూ రాయరు కాబట్టి. మా అంతస్తులో లేదు. కింద షాపువాళ్ళది ఉంది, ఆదివారం తాళం. ఇన్నేళ్ళుగా మా సభలకు ఆడవాళ్ళు ఎందుకు గంటకు మించి ఉండరో నాకు అర్థమైంది ఆ ఆదివారం ముందు శనివారం, రచయిత్రి అడిగినప్పుడు. తాళంచెవి అడిగి తీసుకున్నాం. చెయ్యాల్సిందల్లా అంతే.

సభ రోజు ఊళ్ళ నుంచి 16 మంది వచ్చారు, 9 మంది ఆడవాళ్ళు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మొదట ఆమె చేతికే మైకు ఇచ్చాను. ఆమె మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, "సభకు నమస్కారం. వేదికనలంకరించిన పెద్దలకు..." అంది. వేదిక లేదు, అలంకరించినవాళ్ళూ లేరు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది గానీ తర్వాత రెండు ముక్కలు మాట్లాడి ఇచ్చేసింది. రెండోవాడికి ఇస్తే వాడూ అంతే, చేతిలో మైకు పడేసరికి ఉపన్యాసంలోకి దిగాడు. మైకు ఆపేశాను. అప్పుడు ఫ్యాన్ల మోత. మూడు పాత సీలింగు ఫ్యాన్లు, ఒకటి కిచకిచలాడుతుంది. ఏప్రిల్ ఎండ. మాట వినబడాలా, గాలి తగలాలా? కిచకిచలాడేది ఒక్కటి ఆపి, కుర్చీలు ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నాం. గొంతులు వాటంతటవే మామూలు స్థాయికి వచ్చాయి. అక్కణ్ణుంచి సభ మొదలైందనుకోండి.

ఒక నడివయసు రైతు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పంట సాగుదారు హక్కు కార్డు. దాన్ని గుండ్రంగా అందరి చేతులకూ ఇచ్చాడు. టౌను పాఠకుల్లో చాలామంది కౌలు రైతుల సమస్య మీద వ్యాసాలు చదివినవాళ్ళే, ఒకరిద్దరు రాసినవాళ్ళు. కార్డు చేత్తో పట్టుకుని చూడటం మాత్రం అందరికీ అదే మొదలు.

"పదకొండు నెలలకే ఇది. ఇప్పటికి చచ్చిపోయింది. మళ్ళీ కావాలంటే మళ్ళీ ఆయన సంతకం పెట్టాలి" అన్నాడు.

విషయం తెలియనివాళ్ళ కోసం: 2011లో వచ్చిన చట్టంలో కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చేవారు, దానికి భూమి యజమాని ఒప్పుకోవాలన్న షరతు లేదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో యజమాని సంతకంతో ఒప్పందం ఉంటేనే కార్డు. ఒప్పందం 11 నెలలకు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానికి భయం, అడిగితే వచ్చే ఏడాది పొలం ఎక్కడ ఇవ్వడోనని కౌలుదారుకి భయం.

పుస్తకంలో రచయిత్రి, కార్డు దొరికినవాళ్ళకు బ్యాంకు అప్పు దారి తెరుచుకుందన్న అర్థంలో ఒక పేరా రాసింది. ఆ పేరానే బడి వరండాలో జనం పట్టుకున్నారు. కార్డు తిప్పిన రైతు అడిగాడు.

"అమ్మాయ్, ఇది పట్టుకుని నేను బ్యాంకుకు పోయా. ఈ సర్వే నంబరు మీద ఇప్పటికే పంట లోను ఉంది అన్నారు. తీసుకుంది ఎవరు? పొలం ఆయన. దున్నేది నేను, లోను ఆయనకి. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు ఈ మాట చెప్పాగా, ఎందుకు రాయలేదు?"

గదిలో ఎవరూ కదల్లేదు. హాలు సభలో అయితే ఇక్కడ అధ్యక్షులవారు కల్పించుకుని 'చర్చ ఆరోగ్యకరంగా సాగుతోంది' అనేవారు. రచయిత్రి తన నోటు పుస్తకాలు సంచీలోంచి తీసింది, అవి తెచ్చుకుంది. రెండు మూడు నిమిషాలు వెతికింది. ఆ రెండు మూడు నిమిషాలూ అందరం చూస్తూ కూర్చున్నాం. "ఉంది బాబాయ్. మీరు చెప్పారు, నేను రాసుకున్నాను. పుస్తకంలోకి ఎక్కించలేదు. తప్పు నాదే" అంది. ఇన్నేళ్ళ సభల్లో ఒక రచయిత నోట ఆ మాట వినడం నాకు మొదటిసారి. నేను రచయితలందరినీ తక్కువ చేసి అనడం లేదు. ఆ మాట అనే సందు మన సభల్లో ఎక్కడ ఉంది?

తర్వాత జరిగింది మా ప్రణాళికలో లేనిది. మూల కుర్చీలో ఉన్న ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి (మా పాత ఖాతాదారు, అనువాద నవలలు తప్ప వేరే కొనడు) నోరు విప్పాడు. ఒకే సర్వే నంబరు మీద రెండోసారి పంట రుణం ఎందుకు ఇవ్వరో బ్యాంకు వైపు నుంచి చెప్పాడు. ఆయన మీద కూడా రెండు మూడు గొంతులు లేచాయి. ఆయన తగ్గలేదు. కార్డుతో సంబంధం లేకుండా నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపు కట్టుకుంటే తాకట్టు లేకుండా అప్పు అడగొచ్చని, దానికి ఏమేం కాగితాలు కావాలో నా బిల్లు పుస్తకం చించి వెనకవైపు రాశాడు. ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరారు. పుస్తక చర్చ అక్కడితో ఆగిపోయిందనే చెప్పాలి. పెద్దాయన నన్ను చూసి 'ఆపకు' అన్నట్టు చెయ్యి ఊపాడు. పులిహోర, పెరుగన్నం పొట్లాలు తింటూ కూడా అదే మాట. రెండున్నరకు బస్సుకు లేచారు.

ఎస్బీ, అంటే పోలీసు స్పెషల్ బ్రాంచి, మనిషి సంగతి మర్చిపోయాను. మా సభలు దేనికైనా మఫ్టీలో ఒకతను వస్తాడు, మాకు అలవాటే, టీ కూడా ఇస్తాం. హాలు సభలో అతని పని సులువు, ఎవరేం మాట్లాడారో వరసగా రాసుకుంటాడు. ఇక్కడ గుండ్రంగా కూర్చుని అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే పాపం ఎవరి పేరు రాయాలో తెలియలేదు. వెళ్తూ నా దగ్గరకొచ్చి, "ప్రెస్ నోట్ ఏదైనా ఉంటే ఇవ్వండి సార్" అన్నాడు. ప్రెస్ నోట్ రాయలేదన్నాను. నిజంగానే విచారించాడు.

డబ్బు లెక్క. ఆ రోజు అమ్మింది 11 ప్రతులు, హాలు సభ కంటే తక్కువ. చూడ్డానికి నష్టమే. ఖర్చు మాత్రం భోజనాలు, చక్రాలు, ఊళ్ళ వాళ్ళ బస్సు చార్జీలు. చక్రాలు ఎన్ని సభలకైనా పనికొస్తాయి. కానీ తర్వాతి మూడు నెలల్లో ఆ రెండు ఊళ్ళ నుంచి, పక్క ఊళ్ళ నుంచి పదేసి ప్రతుల కట్టలు అడిగారు. నాలుగిళ్ళకు ఒకటి చొప్పున కలిసి కొన్నారు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టు తీసేశాక ఒక్కో పుస్తకం పోస్టులో పంపడం చిన్న షాపులకు పుస్తకం ధరతో పోటీ పడే ఖర్చయి కూర్చుంది. కట్టలైతే ఆర్టీసీ కార్గోలో వేసేయొచ్చు. 500 ప్రతుల మొదటి ముద్రణ అయిపోయింది. రెండో ముద్రణలో కౌలు బస్తాల్లో ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో క్వింటాళ్ళు. కార్డుల అధ్యాయం తిరగరాసింది, బ్యాంకు మాట ఆ రైతు చెప్పినట్టే ఉంది.

ప్రతి రెండో ఆదివారం పొద్దున షాపులో ఒక బల్ల వేస్తున్నాం. రిటైర్డు బ్యాంకు ఆయన, ఒక లాయరమ్మ కూర్చుంటారు. ఎవరి కాగితం వాళ్ళు తెచ్చుకుంటారు. దీనివల్ల డెల్టా మారిపోయిందని ఎవరికైనా చెబితే పెద్దమ్మే నవ్వుతుంది. ఆ రోజు వచ్చినవాళ్ళలో నలుగురు యజమానుల చేత సంతకం పెట్టించుకోగలిగారు. ఒక ఆడవాళ్ళ గ్రూపుకు అప్పు వచ్చింది, అడిగినదాంట్లో సగం. ఒకతనికి సంతకం అడిగినందుకే పొలం పోయింది, ఈ ఏడు కూలికి వెళ్తున్నాడు. బల్ల దగ్గరకు ఇప్పటికీ వస్తాడు. అతని మొహం చూసినప్పుడు నాకు ఈ సభల మీద ఉన్న ఉత్సాహం కొంచెం తగ్గుతుంది, తగ్గాలి కూడా.

ఇంకొకటి మిగిలింది, దానికి నా దగ్గర సమాధానం లేదు. మా షాపుకి ఇరవై ఏళ్ళుగా వచ్చే ఒక మాస్టారు ఉన్నారు. రిటైరయ్యారు. ఊళ్ళో నాలుగెకరాలుంటే కౌలుకిచ్చి టౌన్లో ఉంటున్నారు. అభ్యుదయ సాహిత్యం అంటే ప్రాణం, నెలకు వెయ్యి రూపాయల పుస్తకాలు కొంటారు. రెండో సభకు ఆయన్ను పిలవలేదు. మర్చిపోయి కాదు, ఆయన ఉంటే ఊళ్ళవాళ్ళు నోరు విప్పరేమోనని. సభ తర్వాత వారం ఆయన వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, చాలా మెల్లగా అన్నారు.

"నా మీద సభ పెట్టుకున్నారట. పెట్టుకోండి. సంతకం పెట్టనివాడు ఎందుకు పెట్టడో నన్నొక్కడినైనా అడగాల్సింది కదరా. మా ఆవిడ వైద్యానికి ఆ పంట లోను డబ్బే దిక్కయింది."

నాకు మాట రాలేదు. ఆయన ఉంటే పెద్దమ్మ మాట్లాడేది కాదు, ఇప్పటికీ నా నమ్మకం అదే. ఆయన అడిగింది తప్పూ కాదు. మూడో సభ ఒకటి, చిన్న యజమానులూ కౌలుదారులూ ఇద్దరూ ఉండేలా పెడదామని పెద్దాయన అంటున్నాడు. రచయిత్రి ముందు విడివిడిగా, తర్వాత కలిపి అంటోంది. ఊళ్ళవాళ్ళను అడిగితే, 'ఆయన సంతకం పెట్టాక పెట్టండి సభ' అన్నారు. ఇంకా ఏదీ తేలలేదు.

మాస్టారు ఆ తర్వాత రాలేదు. అంతకు ముందు నెల ఆయన చెప్పి తెప్పించుకున్న పుస్తకాలు మూడు, ఆయన పేరు రాసిన చీటీతో, కౌంటరు కింద అరలో ఉన్నాయి. రెండో ముద్రణ ప్రతి ఒకటి వాటి మీద పెట్టాను. దానికి బిల్లు రాయలేదు.